మూడు పతాకాల నీడలో: మారియానో వయేహో జీవితం

ఉన్న ఊరు కదలకుండానే ఒక మనిషి మూడు దేశాల ప్రజగా జీవించడం చరిత్రలో అరుదైన విషయం. 19వ శతాబ్దంలో ఉత్తర అమెరికా ఖండపు పడమటి అంచున ఉన్న కాలిఫోర్నియాలో ఒక తరానికి తరమే అటువంటి అనుభవాన్ని పొందింది. స్పెయిన్ సామ్రాజ్యపు ప్రజలుగా పుట్టి, మెక్సికో పౌరులుగా పెరిగి, అమెరికా సంయుక్త రాష్ట్రాల పౌరులుగా కన్నుమూసిన ఆ స్పానిష్ భాషీయులలో అగ్రగణ్యుడు మారియానో గ్వాడలూపే వయేహో. సరిహద్దు సేనాధిపతిగా, లక్షకు పైగా ఎకరాల భూస్వామిగా, రాజ్యాంగ నిర్మాతలలో ఒకడుగా, శాసనసభ్యుడుగా, చివరకు తన జాతి చరిత్రను గ్రంథస్థం చేసిన రచయితగా ఆయన గడిపిన 82 సంవత్సరాల జీవితం, అధికారమూ భూమీ భాషా ఒకదానితో ఒకటి ఎంతగా పెనవేసుకొని ఉంటాయో తెలియజేస్తుంది.

బాల్యం, విద్య

ఆనాడు ఆల్టా కాలిఫోర్నియాకు ముఖ్యపట్టణమైన మాంటెరేలో 1807 జూలై 4న వయేహో జన్మించాడు. తండ్రి ఇగ్నాసియో వయేహో మెక్సికోలోని హలిస్కో ప్రాంతం నుంచి సైనికుడుగా వచ్చి సార్జెంటు పదవి వరకు ఎదిగినవాడు. తల్లి మరియా ఆంటోనియా లూగో. వారి 13 మంది సంతానంలో మారియానో 8వ వాడు. కుటుంబానికి గౌరవం ఉన్నదే కాని సంపద లేదు. మాంటెరే పేరుకు రాజధానియే అయినా, నిజానికి ఒక సైనిక స్థావరమూ దాని చుట్టూ కొన్ని మట్టి ఇండ్లూ మాత్రమే. 1818లో బుషార్ అనే నావికుడు రెండు ఓడలతో వచ్చి ఆ పట్టణంపై దాడి చేసి తగులబెట్టినప్పుడు, స్త్రీలూ పిల్లలూ లోతట్టు ప్రాంతాలకు పారిపోవలసి వచ్చింది. సరిహద్దు జీవితంలోని అభద్రత ఎటువంటిదో వయేహో పదకొండవ ఏటనే చూశాడు.

ఆ ఊరి బడిలో చదువు కంటే దండన ఎక్కువ. పుస్తకాలంటే మతగ్రంథాలే. కాగితం కూడా అపురూపమైన వస్తువు. అటువంటి పరిస్థితిలో ముగ్గురు బాలురకు అదృష్టం కలిసివచ్చింది. వారు వయేహో, అతని అక్క కుమారుడు హువాన్ బౌటిస్టా అల్వరాడో, మిత్రుడు హోసే కాస్ట్రో. మేనమామకూ మేనల్లునికీ మధ్య వయస్సులో తేడా రెండేండ్లు మాత్రమే. ఇద్దరూ ఒకే ఇంట సోదరులవలె పెరిగారు. చివరి స్పానిష్ గవర్నరు పాబ్లో విసెంటే దె సోలా వీరి చురుకుదనాన్ని గమనించి, ప్రత్యేక శ్రద్ధతో చదివించాడు. అటు తరువాత 1822లో వ్యాపార నిమిత్తం వచ్చి మాంటెరేలో స్థిరపడిన విలియం హార్ట్‌నెల్ అనే ఆంగ్లేయుని వద్ద వయేహో ఇంగ్లీషు, ఫ్రెంచి, లాటిన్ భాషలు అభ్యసించాడు. తన ప్రాంతపు యువకులలో అతి కొద్దిమందికి మాత్రమే దక్కిన ఈ భాషాజ్ఞానం తరువాతి కాలంలో ఆయనకు అనేక విధాల ఉపకరించింది.

1821లో స్పెయిన్ పాలన నుంచి మెక్సికో విముక్తి పొందింది. ఆ వార్త కాలిఫోర్నియాకు చేరి కొత్త పతాకం ఎగిరేసరికి మరుసటి సంవత్సరం వచ్చింది. కొత్త గవర్నరు లూయిస్ అర్గుయేయో వద్ద వయేహో కార్యదర్శిగా కుదిరాడు. 1824లో మాంటెరే దళంలో క్యాడెట్‌గా చేరి సైనిక జీవితం ప్రారంభించాడు.

1829లో ఎస్టానిస్లావో అనే ఆదివాసి నాయకుడు మిషన్ జీవితాన్ని విడిచి, తన అనుచరులతో లోయ ప్రాంతంలో తిరుగుబాటు చేశాడు. దానిని అణచడానికి పంపిన సేనకు వయేహో నాయకత్వం వహించాడు. విజయం లభించింది. అయితే యుద్ధం ముగిసిన తరువాత, ఆయన వెంట వచ్చిన సహాయక దళాలవారు పట్టుబడినవారిలో కొందరిని, స్త్రీలను సైతం, దారుణంగా చంపినట్లు ఫిర్యాదు వచ్చి విచారణ జరిగింది. ఎస్టానిస్లావోకు తరువాత క్షమాభిక్ష లభించింది. నేడు కాలిఫోర్నియాలో స్టానిస్లాస్ అనే పేరుతో ప్రవహించే నదికి ఆ పేరు అతని వల్లనే వచ్చింది. యువ సేనాని కీర్తికి పునాది వేసిన ఆ విజయానికి ఈ మచ్చ కూడా అంటుకొనియే ఉన్నది.

పుస్తకపఠనంపై ఆయనకు గల ప్రీతి మరొక వివాదానికి దారితీసింది. ఓడల వర్తకుల ద్వారా ఆయన తెప్పించుకొన్న గ్రంథాలలో మతాధికారులు నిషేధించినవి కూడా ఉన్నాయి. వాటిని ఆయనా, అల్వరాడో, కాస్ట్రో చదువుతున్నారని తెలిసి మతగురువులు వెలివేస్తామని హెచ్చరించారు. అయినా ఆయన పుస్తకాలను వదలలేదు. కాలక్రమేణా ఆయన గ్రంథాలయం కాలిఫోర్నియాలోని పెద్ద గ్రంథాలయాలలో ఒకటిగా పేరు పొందింది.

ఉత్తర సరిహద్దు పాలకుడు

1832లో శాన్ డియాగోకు చెందిన ఫ్రాన్సిస్కా బెనీసియా కరీయోతో ఆయనకు వివాహమయింది. ఆ దంపతులకు 16 మంది సంతానం కలిగారు. వారిలో పలువురు పసితనంలోనే మరణించారు. 1833లో ఆయన శాన్‌ఫ్రాన్సిస్కో సైనిక స్థావరానికి అధిపతిగా నియమితుడయ్యాడు. అప్పటికి శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి ఉత్తరాన మెక్సికో అధికారం నామమాత్రమే. సముద్రతీరంలో 1812 నుంచే రష్యన్లు ఫోర్ట్ రాస్ అనే స్థావరం నిర్మించుకొని ఉన్నారు. వారు దక్షిణానికి విస్తరించకుండా చూడడం, ఆ ప్రాంతంలో వలసలు నెలకొల్పడం అనే బాధ్యతలను గవర్నరు హోసే ఫిగెరోవా వయేహోకు అప్పగించాడు.

1834లో ఆయనకు పెటలూమా రాంచో అనే భూభాగం దానంగా లభించింది. మొదట 44,000 ఎకరాలు. తరువాత మరికొంత చేరి 66,000 ఎకరాలయింది. అదే సంవత్సరం మిషన్ల ఆస్తులను మతాధికారుల నుంచి తప్పించే చట్టం అమలులోకి రాగా, సోనోమాలోని మిషన్‌కు ఆయన పాలనాధికారి అయ్యాడు. కాలిఫోర్నియాలో నెలకొన్న 21 మిషన్లలో ఇది చివరిది, 1823లో స్థాపించినది. 1835లో ఆ మిషన్ ప్రక్కనే సోనోమా పట్టణానికి ఆయన రూపకల్పన చేశాడు. నడుమ 8 ఎకరాల విశాలమైన చతురస్రపు మైదానం, దాని చుట్టూ వీధులు, ఇండ్ల స్థలాలు, సైనికుల బస ఏర్పడ్డాయి. ఆ మైదానం నేటికీ అదే ఆకృతిలో ఉన్నది.

మిషన్ భూములలోనూ పశువులలోనూ సగభాగం అక్కడి ఆదివాసులకు పంచవలెనని చట్టం ఉద్దేశం. ఆచరణలో వారికి చేరినది స్వల్పం. మిషన్ ఆస్తులలోనూ శ్రామికులలోనూ చాలా భాగం కొత్త భూస్వాముల రాంచోలకే తరలింది. వయేహో ఇందుకు మినహాయింపు కాదు. పెటలూమాలో ఆయన నిర్మించిన రెండు అంతస్తుల మట్టి ఇటుకల భవనం ఆ కాలపు కాలిఫోర్నియాలో అతి పెద్ద కట్టడాలలో ఒకటి. 1836లో ప్రారంభమై పది సంవత్సరాలు సాగిన ఆ నిర్మాణంలోనూ, అక్కడి గోధుమ పొలాలలోనూ, కంబళ్ళ నేతలోనూ, తోళ్ళ పనిలోనూ వందలాది ఆదివాసులు శ్రమించారు. కొందరు కూలికి వచ్చినవారు. కొందరికి తిండీ బట్టా మాత్రమే కూలి. దాడులలో పట్టుబడి బలవంతంగా పనికి వచ్చినవారూ ఉన్నారు. వేలాది పశువుల చర్మాలూ కొవ్వూ ఓడలకెక్కి దూరదేశాలకు పోయేవి. నాణేలు అరుదైన ఆ సీమలో ఎండిన చర్మమే నాణెంగా చెల్లేది. వయేహో వైభవానికి ఆధారం ఈ వ్యాపారమే.

సరిహద్దులో శాంతిని ఆయన ఆయుధబలంతోనే కాక ఒప్పందాలతో కూడా కాపాడాడు. సుయిసున్ తెగ నాయకుడు సెమ్ యెటో ఆయనకు ముఖ్య మిత్రుడయ్యాడు. సొలానో అనే క్రైస్తవ నామంతో ప్రసిద్ధుడైన ఆ నాయకుని సహకారం లేకుంటే కొద్దిమంది సైనికులతో అంత పెద్ద ప్రాంతాన్ని అదుపులో ఉంచడం సాధ్యమయ్యేది కాదు. కాని 1837లో మొదలైన మశూచి ఆ తెగలను ఊళ్ళకు ఊళ్ళుగా తుడిచిపెట్టింది. వయేహో శత్రువులనూ మిత్రులనూ ఒకే విధంగా హరించిన ఆ వ్యాధి, తెల్లవారి వలసకు భూమిని ఖాళీ చేసి పెట్టింది.

1836లో మెక్సికో కేంద్ర ప్రభుత్వంపై అల్వరాడో తిరుగుబాటు జరిపి గవర్నరు కాగా, మేనమామ సర్వసేనానిగా నియమితుడయ్యాడు. బాల్యమిత్రులిద్దరి చేతికీ కాలిఫోర్నియా పాలన వచ్చింది. అయితే ఆ ఐక్యత ఎక్కువ కాలం నిలువలేదు. సైన్యానికి డబ్బు విషయంలోనూ, విదేశీయుల రాకను అదుపుచేయడంలోనూ వారి మధ్య విభేదాలు పెరిగాయి. పౌర, సైనికాధికారాలు రెండూ ఒకే వ్యక్తి చేతిలో ఉండాలని వయేహోయే మెక్సికోకు సూచించాడు. 1842లో ఆ విధంగానే మిచెల్టొరేనా గవర్నరుగా వచ్చాడు. ఆయన సైన్యానికి వయేహో అందించిన ధనధాన్యాలకు ప్రతిఫలంగా సుస్కోల్ అనే మరో భూభాగం, సుమారు 84,000 ఎకరాలు, వయేహోకు సంక్రమించింది. సోనోమా దళం జీతాలను అనేక సంవత్సరాలు సొంత సొమ్ముతో భరించిన వయేహో 1844లో దానిని రద్దు చేశాడు. మెక్సికో నుంచి సహాయం రాదని ఆయనకు అప్పటికే బోధపడింది.

1841లో రష్యన్లు ఫోర్ట్ రాస్ ఆస్తులను జాన్ సట్టర్ అనే వలసదారునికి అమ్మి వెళ్ళిపోయారు. అదే ఏడాది పర్వతాలు దాటి అమెరికన్ వలసదారుల తొలి బృందం ఒకటి వచ్చింది. రష్యన్ల బెడద తీరింది. అసలు మార్పు తూర్పు నుంచి వస్తున్నదని వయేహో గ్రహించాడు. వచ్చినవారికి ఆయన అనుమతి పత్రాలిచ్చాడు. ఆదుకొన్నాడు. దూరాన ఉండి పట్టించుకోని మెక్సికో కంటె, సభలూ చట్టాలూ పాఠశాలలూ గల అమెరికా ప్రభుత్వం తన ప్రజలకు మేలు చేయగలదని ఆయన విశ్వసించాడు. ఈ విశ్వాసాన్ని ఆయన దాచుకోలేదు.

ఎలుగుబంటి జెండా

ఆ విశ్వాసానికి తొలి దెబ్బ 1846 జూన్ 14న తెల్లవారుజామున తగిలింది. 30 మందికి పైగా సాయుధులైన అమెరికన్ వలసదారులు సోనోమాకు వచ్చి వయేహో ఇంటిని చుట్టుముట్టారు. మెక్సికోకూ అమెరికాకూ యుద్ధం మొదలయిందన్న వార్త ఇంకా అక్కడికి రానే లేదు. పట్టణంలో సైన్యం లేదు. వయేహో సైనిక దుస్తులు ధరించి, వారి నాయకులను ఇంటిలోకి ఆహ్వానించి, మర్యాద చేసి, విషయం అడిగాడు. లొంగుబాటు పత్రం వ్రాయడం పూర్తయింది. ప్రాణాలకూ ఆస్తులకూ రక్షణ ఉంటుందని అందులో హామీ ఉన్నది. బయట ఉన్నవారు దానిని అంగీకరించలేదు. వయేహోను, తమ్ముడు సాల్వడోరును, కార్యదర్శి విక్టర్ ప్రూడోను, బావ జేకబ్ లీస్‌ను బంధించి సట్టర్ కోటకు తరలించారు. సోనోమా మైదానంలో ఎలుగుబంటి బొమ్మా నక్షత్రమూ గల జెండాను ఎగురవేసి స్వతంత్ర రాజ్యం ప్రకటించారు. నెల తిరగకముందే, జూలై 9న, ఆ జెండా స్థానంలో అమెరికా జెండా ఎగిరింది.

అమెరికా రాకను కోరిన నాయకుడే ఆ పేరుతో మొట్టమొదట బందీ కావడం విధి వైపరీత్యం. అమెరికా సైనికాధికారి ఫ్రీమాంట్ ఆదేశంతో ఆయన ఆగస్టు మొదటి వారం వరకు నిర్బంధంలో ఉన్నాడు. మలేరియాతో చిక్కి శల్యమై ఇల్లు చేరాడు. ఆయన లేని కాలంలో 1,000కి పైగా పశువులూ 600 గుర్రాలూ గోధుమ పంటా పోయాయి. ఆయన సోదరి రొసాలియాకు ఆ రోజుల అవమానం జీవితాంతం మరపునకు రాలేదు. లీస్ భార్య అయిన ఆమె, 1874లో తన జ్ఞాపకాలను చెప్పినప్పుడు, ఆ సంఘటన తరువాత ఇంగ్లీషు నేర్చుకోవడానికే తాను నిరాకరించినట్లు తెలిపింది. అన్న ఆ భాషను సంపాదించుకొన్నాడు. చెల్లెలు దానిని వర్జించింది. ఒకే ఇంటిలో, ఒకే పరాభవానికి, రెండు విధాల స్పందన.

వయేహో పగ పట్టలేదు. కొత్త ప్రభుత్వంలో 1847లో ఆదివాసుల వ్యవహారాల అధికారిగా పనిచేశాడు. తనను బంధించిన బృందంలోని రాబర్ట్ సెంపుల్‌కే అఖాతపు ఒడ్డున కొత్త పట్టణ నిర్మాణానికి భూమి ఇచ్చాడు. ఆ పట్టణానికి తన భార్య పేర ఫ్రాన్సిస్కా అని నామకరణం జరగవలసి ఉండగా, అదే సమయంలో యెర్బా బ్యూనా అనే గ్రామం శాన్‌ఫ్రాన్సిస్కో అని పేరు మార్చుకోవడంతో, ఆమె రెండవ పేరైన బెనీసియా దానికి స్థిరపడింది.

రాజ్యాంగ సభలో

1848 జనవరి 24న కొలోమాలో బంగారం బయటపడింది. ఫిబ్రవరి 2న గ్వాడలూపే హిడాల్గో సంధితో యుద్ధం ముగిసి కాలిఫోర్నియా అమెరికాకు దక్కింది. మెక్సికన్ల ఆస్తులకు ఆ సంధి రక్షణ వాగ్దానం చేసింది. కాని బంగారం కోసం ప్రపంచం నలుమూలల నుంచి జనం పోటెత్తారు. యుద్ధానికి ముందు స్పానిష్ భాషీయులు ఏడెనిమిది వేల మంది. రెండేండ్లు గడిచేసరికి కొత్తగా వచ్చినవారి సంఖ్య లక్షకు చేరువయింది. సొంత గడ్డపై వారు అల్పసంఖ్యాకులయ్యారు.

1849 సెప్టెంబరులో మాంటెరేలో రాజ్యాంగ సభ సమావేశమయింది. 48 మంది ప్రతినిధులలో స్పానిష్ భాషీయులు 8 మంది. వయేహో వారిలో ప్రముఖుడు. వారిలో పలువురికి ఇంగ్లీషు రాదు. సభకు అనువాదకుడుగా నియమితుడైనవాడు వయేహోకు భాషలు నేర్పిన హార్ట్‌నెల్. ఎనిమిది మందే అయినా వారు కొన్ని ముఖ్యమైన నిబంధనలు సాధించారు. అందులో ప్రధానమైనది, ప్రచురించవలసిన చట్టాలూ ఉత్తర్వులూ అన్నీ ఇంగ్లీషు, స్పానిష్ భాషలు రెండింటిలోనూ వెలువడవలెనన్న నిబంధన. రాష్ట్ర ముద్రలో ఎలుగుబంటి బొమ్మను చేర్చినప్పుడు, దానిని తొలగించవలెనని, లేకుంటే పశుపాలకుని తాడుకు కట్టుబడినట్లు చిత్రించవలెనని వయేహో కోరాడు. ఆ సవరణ కొద్ది ఓట్ల తేడాతో వీగిపోయింది. హాస్యంగా కనిపించే ఆ కోరికలో 1846 నాటి గాయం ఉన్నది.

ఓటుహక్కును ఆ రాజ్యాంగం శ్వేతజాతి పురుషులకు పరిమితం చేసింది. దాని పర్యవసానం స్పానిష్ భాషీయులనూ వదలలేదు. ఆ రాజ్యాంగంపై సంతకం చేసిన మాన్యుయెల్ డొమింగెజ్‌కే, ఆదివాసి రక్తం ఉన్నదన్న కారణంతో, 1857లో శాన్‌ఫ్రాన్సిస్కో న్యాయస్థానంలో సాక్ష్యం చెప్పే అర్హత లేకపోయింది. ఆదివాసుల స్థితి మరింత దారుణం. వయేహో సోనోమా ప్రాంతం నుంచి సెనేటరుగా కూర్చున్న తొలి శాసనసభయే 1850లో వారి చేత నిర్బంధ శ్రమ చేయించడానికి వీలు కల్పించే చట్టం చేసింది. 1846లో సుమారు 1,50,000గా ఉన్న వారి సంఖ్య, హత్యల వల్లనూ రోగాల వల్లనూ ఆకలి వల్లనూ పాతికేండ్లలో దాదాపు 30,000కు పడిపోయింది. వయేహో తరగతివారు పోగొట్టుకొన్నవాటిని లెక్కించేటప్పుడు, వారికంటె ముందుగా ఆ భూమిని పోగొట్టుకొన్న వీరిని మరువరాదు.

సెనేటులో వయేహో చేసిన పనులలో చిరస్మరణీయమైనది కొత్త జిల్లాల పేర్ల వ్యుత్పత్తులపై 1850లో సమర్పించిన నివేదిక. స్పానిష్, ఆదివాసి భాషల నుంచి వచ్చిన ఆ పేర్ల అర్థాలను కొత్తవారికి తెలియజెప్పిన పత్రమది. తన మిత్రుడు సొలానో పేరు ఒక జిల్లాకు నిలవడం ఆయనకు సంతృప్తినిచ్చింది.

రాజధాని ప్రయత్నం

రాష్ట్రానికి స్థిరమైన రాజధాని లేని ఆ రోజులలో వయేహో ఒక గొప్ప ప్రతిపాదన చేశాడు. తన సుస్కోల్ భూమిలో 156 ఎకరాలూ, శాసనసభ, విశ్వవిద్యాలయం, వైద్యశాల మొదలైన భవనాలకు 3,70,000 డాలర్లూ ఇస్తానన్నాడు. ప్రజలు ఓటు వేసి ఆమోదించారు. ఆ పట్టణానికి యురేకా అనే పేరు ఆయన సూచించగా, ఇతరులు ఆయన పేరే పెట్టారు. కాని 1852 జనవరిలో సభ్యులు వచ్చేసరికి బస చేయడానికి తగిన ఇండ్లు లేవు, భవనాలు పూర్తికాలేదు. వారం రోజులకే సభ శాక్రమెంటోకు తరలిపోయింది. మరుసటి ఏడు మళ్ళీ వచ్చి, ఈసారి బెనీసియాకు మారి, 1854లో శాక్రమెంటోలో స్థిరపడింది. ఈ ప్రయత్నంలో వయేహో పెట్టిన ధనం తిరిగి రాలేదు.

భూమి జారిన విధం

అసలు నష్టం చట్టం రూపంలో వచ్చింది. 1851లో అమెరికా కాంగ్రెసు చేసిన భూచట్టం ప్రకారం, మెక్సికో కాలపు భూదానాలు పొందినవారందరూ ఒక కమిషన్ ఎదుట తమ హక్కును రుజువు చేసుకోవాలి. అంతవరకు తమదిగా ఉన్న భూమి తమదేనని నిరూపించుకొనే భారం యజమానిపై పడింది. పాత పట్టాలతో ఉండే పటాలు చేతితో గీసినవి. హద్దులు వాగులూ కొండలూ చెట్లూ. భూమి విస్తారమై మనుషులు కొద్దిమందిగా ఉన్న కాలంలో వాటితో చిక్కు లేదు. ఇంగ్లీషులో నడిచే న్యాయస్థానంలో, స్పానిష్ పత్రాలతో, డాలర్లలో ఫీజు పుచ్చుకొనే న్యాయవాదుల ద్వారా వాదించవలసి వచ్చినప్పుడు అవే గుదిబండలయ్యాయి. కమిషన్ ముందుకు వచ్చిన దావాలు 813. పట్టా చేతికి రావడానికి సగటున 17 సంవత్సరాలు పట్టింది. ఈలోగా ఆక్రమణదారులు పొలాలలో కంచెలు వేసుకొన్నారు. పశువులను చంపుకొని తిన్నారు. పన్నులు కట్టడానికీ వ్యాజ్యం నడపడానికీ యజమానులు అధిక వడ్డీలకు అప్పులు చేశారు. గెలిచినవారు సైతం గెలుపు వచ్చేసరికి భూమిని అప్పులవారికి అప్పగించి ఉన్నారు.

వయేహో వ్యవహారం ఇందుకు ఉదాహరణ. సుస్కోల్ భూమిపై ఆయన హక్కును కమిషన్ అంగీకరించింది. జిల్లా న్యాయస్థానం కూడా అంగీకరించింది. 1862లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును తలక్రిందులు చేసి, అటువంటి దానానికి గవర్నరుకు అధికారం లేదని తేల్చింది. అప్పటికే ఆ భూమిపై వయేహో, బెనీసియా అనే రెండు పట్టణాలు వెలిశాయి. ఎందరో ఆయన వద్ద కొనుక్కొన్నారు. కొన్నవారిని ఆదుకోవడానికి కాంగ్రెసు మరుసటి సంవత్సరం ఎకరా 1.25 డాలర్ల చొప్పున తిరిగి కొనుక్కొనే వీలు కల్పించింది. అమ్మినవానికి మాత్రం నష్టమే మిగిలింది. పెటలూమా దావాలో ఆయన గెలిచాడు. కాని ఆ మహాభవనాన్ని 1857లోనే 25,000 డాలర్లకు అమ్ముకోవలసి వచ్చింది; పట్టా వచ్చిన 1874 నాటికి భూమిలో అధికభాగం పరుల పాలయింది.

చివరి సంవత్సరాలు

సోనోమా పట్టణపు అంచున ఒక నీటి ఊట ప్రక్కన 1850ల ప్రారంభంలో ఆయన అమెరికన్ పద్ధతిలో కొయ్య ఇల్లు కట్టుకొన్నాడు. కొండ కన్నీరు అనే అర్థంతో దానికి లాక్రిమా మాంటిస్ అని లాటిన్ పేరు పెట్టుకొన్నాడు. ఆ ఊటకు ఆదివాసులు పెట్టుకొన్న పేరుకు అది అనువాదం. అక్కడ పండ్లతోటలూ ద్రాక్షతోటలూ పెంచాడు. ద్రాక్షాసవం తయారీలో హంగేరీ నుంచి వచ్చిన అగస్టన్ హరస్తి ఆయనకు మిత్రుడూ పోటీదారుడూ. 1863లో వయేహో కుమార్తెలిద్దరు హరస్తి కుమారులిద్దరిని ఒకే రోజున వివాహమాడారు. కుమారులలో ప్లాటోన్ వైద్యవిద్య అభ్యసించి 1864లో న్యూయార్కులోని కొలంబియా కళాశాల నుంచి పట్టభద్రుడయ్యాడు. లక్షన్నర ఎకరాల అధిపతికి వృద్ధాప్యంలో మిగిలినది ఆ ఇంటి చుట్టూ ఉన్న కొద్ది భూమి మాత్రమే.

భూమి పోయినా ఆయన వద్ద మరొక ఆస్తి ఉన్నది. అది కాగితాల రూపంలో ఉన్న జ్ఞాపకం. కొత్తగా వెలువడుతున్న చరిత్రగ్రంథాలలో తన ప్రజలు సోమరులుగా, చరిత్ర లేనివారుగా కనిపించడం ఆయనను బాధించింది. తాను వ్రాసి ఉంచుకొన్న చరిత్ర వ్రాతప్రతి 1867లో సోనోమాలోని పాత ఇంటికి నిప్పంటుకొని కాలిపోయింది. ఆరు పదుల వయస్సులో ఆయన మరల కలం పట్టాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చరిత్ర సామగ్రి సేకరిస్తున్న హ్యూబర్ట్ హో బాంక్రాఫ్ట్ పక్షాన వచ్చిన ఎన్రికే చెరూటి ప్రోత్సాహంతో, 1874–75లో ఐదు సంపుటాలుగా తన స్మృతులను స్పానిష్ భాషలో పూర్తిచేశాడు. ఇంగ్లీషు బాగా వచ్చినప్పటికీ తన ప్రజల కథను తన ప్రజల భాషలోనే వ్రాశాడు. దానితోపాటు, దశాబ్దాలుగా భద్రపరచిన వేలాది పత్రాలను కూడా బాంక్రాఫ్ట్‌కు అప్పగించాడు. ఇతర కుటుంబాలవారు కూడా తమ వద్ద ఉన్నవి ఇచ్చేటట్లు చేశాడు.

1890 జనవరి 18న సోనోమాలో వయేహో కన్నుమూశాడు. మరుసటి సంవత్సరం జనవరిలో ఫ్రాన్సిస్కా కూడా ఆయనను అనుసరించింది. లాక్రిమా మాంటిస్ గృహం 1933లో రాష్ట్ర ప్రభుత్వానికి చెందింది. పెటలూమా భవనం కూడా రక్షిత స్మారకమయింది. 1966లో అమెరికా నౌకాదళంలో చేరి 1995 వరకు పనిచేసిన ఒక జలాంతర్గామికి ఆయన పేరు పెట్టారు. బాంక్రాఫ్ట్ సేకరణను 1905లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కొనుగోలు చేసింది. ఆ విధంగా బర్క్‌లీకి చేరిన వయేహో స్మృతులకు ఇంగ్లీషులో సంపూర్ణానువాదం 2023లో వెలువడింది.

ఆయన భాష మాట

వయేహో కూర్చున్న సభ 1849లో ఇచ్చిన ద్విభాషా నిబంధన 30 సంవత్సరాలే బ్రతికింది. 1855 నాటికే ప్రభుత్వ పాఠశాలలలో బోధన ఇంగ్లీషులోనే జరగవలెనన్న నియమం వచ్చింది. 1879 నాటి కొత్త రాజ్యాంగం చట్టాలనూ ప్రభుత్వ వ్యవహారాలనూ ఇంగ్లీషుకే పరిమితం చేసింది. నిబంధన పోవడానికి ముందే దానిని అడిగి అమలు చేయించుకోగల బలం ఆ ప్రజలలో సన్నగిల్లింది. భూమి పోయినవారు శాసనసభకు దూరమయ్యారు. బడి లేని భాష ఇండ్లకూ ప్రార్థనలకూ పరిమితమయింది.

మన దేశంలో 1953లోనూ 1956లోనూ రాష్ట్రాల సరిహద్దులు మారినప్పుడు, ఉన్న ఊరిలోనే ఉంటూ మరొక భాష పాలనలోకి వచ్చిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. వారి స్థితిని వయేహో ప్రజల స్థితితో సమానం చేయరాదు. అక్కడ మార్పు యుద్ధం వల్ల వచ్చింది, ఇక్కడ ప్రజల కోరికపై చట్టం వల్ల వచ్చింది. అల్పసంఖ్యాక భాషీయులు తమ విద్యాసంస్థలు నడుపుకొనే హక్కును మన రాజ్యాంగం 30వ అధికరణం గుర్తించింది. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించవలెనని 1956లో చేరిన 350ఎ అధికరణం నిర్దేశించింది. అయితే వ్రాతలో ఉన్న హక్కు తనంతట తాను నిలువదన్న సంగతికి కాలిఫోర్నియా చరిత్రే సాక్ష్యం. బడి ఉండాలి, బడికి పిల్లలు రావాలి, ఆ బడి పట్టికలూ పత్రాలూ భద్రంగా ఉండాలి. తన జీవితంలో సంపాదించినదంతా కళ్ళ ముందే కరిగిపోగా, వయేహో తన కాగితాలను మాత్రం జారనివ్వలేదు. లక్షన్నర ఎకరాలలో ఏదీ ఆయన వంశానికి నిలువలేదు. ఐదు సంపుటాల పుస్తకం మాత్రం నేటికీ చదివేవారి చేతిలో ఉన్నది.